పాట ముందు, పెదవి వెనక

పోయిన వారం ఎస్తర్ రాణిని మనం గుడి మెట్ల మీద వదిలేసి వచ్చాం. చేతిలో విశాఖపట్నం నుంచి తెప్పించిన సీడీ, కడుపులో మెతుకు లేదు, మొహాన కోపం దాచుకుందామన్నా దాగట్లేదు. లోపల చర్చి సంఘ పెద్దలు కూర్చున్నారు. వాళ్ళు తేల్చాల్సింది ఒకటే: ఆ సీడీలో ఉన్నదాన్ని గుడి కంప్యూటర్లోకి ఎక్కించనివ్వాలా, వద్దా.

ఇవాళే చదవడం మొదలుపెట్టినవాళ్ళకి ఈ గొడవ విడ్డూరంగానే ఉంటుంది. అసలు సంగతి ఇదీ. నర్సీపట్నం అబీద్ సెంటర్ దగ్గర డీటీపీ షాపు నడిపే ఎస్తర్ రాణే ఆ కంప్యూటర్నీ, దాంతో పాటు ఓ ప్రొజెక్టర్నీ గుడికి అమర్చి పెట్టింది. మొదట ఊరందరిలాగే విండోస్ వేసింది. "ఈ సీడీ కొన్నావా అమ్మా?" అని ఆవిడ మామగారు, సంఘ పెద్ద, రిటైర్డు హెడ్మాస్టరు వరదానం గారు అడిగారు. నిజం చెబితే పోయేదేముందని "కాపీయేనండి, ఊళ్ళో అందరిదీ అదేనండి" అనేసింది. అంతే, దొంగ సరుకు గుడిలో ఉండకూడదని ఆ పూటే తీయించేశారు. తర్వాత ఓ కంప్యూటర్ పత్రికతో ఉచితంగా వచ్చిన లినక్స్ వేసింది. అది ఎవరైనా పంచుకోవచ్చు, లోపల ఏం రాసి ఉందో ఎవరైనా విప్పి చూడొచ్చు అని ఆవిడ చెబితే ఆయన మురిసిపోయి, ఆదివారం ప్రకటనల్లో కూడా చదివారు. ఆ మురిపెమే ఇప్పుడు ఎస్తర్ రాణి మెడకి చుట్టుకుంది.

ఎందుకంటే, ఈ ఆదివారం కోత పండుగకి తెర మీద వెయ్యాల్సింది పాటల సాహిత్యం ఒక్కటే కాదు. ఆయన భార్య ప్రేమావతమ్మ గారి పాట ఉంది. తొంభై ఒకటిలో ఇదే కోత పండుగనాడు ఆవిడ పాడుతుంటే పెళ్ళిళ్ళ వీడియోలు తీసే బుజ్జిబాబు టేపు తీశాడు. ఆ పాట విన్నవాళ్ళు ఈ రెండు వేల ఐదులో కూడా చెప్పుకుంటూనే ఉన్నారు. ఆ ఏడాదే గొంతులో గడ్డకి ఆపరేషన్ అయింది, ఆవిడ మళ్ళీ పాడలేదు, నిరుడు పోయారు. టేపుకి బూజు పట్టింది. కంప్యూటర్లోకి ఎక్కించడం అయీ అవగానే తెగి ఊరుకుంది. ఇక మిగిలింది ఆ ఫైలు ఒక్కటే.

ఎస్తర్ రాణి ఆ ఇంటి కోడలిగా వచ్చేసరికి అత్తగారి గొంతు బొంగురుపోయి ఉంది. కోప్పడినా, కూర వడ్డించినా, చివరి రోజుల్లో చెయ్యి పట్టుకుని కబుర్లు చెప్పినా, అంతా గుసగుసగానే. ఆ నోరు పాడుతుంటే ఒక్కసారి సరిగ్గా చూడాలని కోడలి కోరిక. వీడియో వేస్తే పాట ముందు వెళ్ళిపోతోంది, పెదవులు వెనకాల ఏడుస్తూ వస్తున్నాయి.

గుడి పక్క గదిలో ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి ఎవరికీ తగలట్లేదు. వరదానం గారు గోడవైపు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. పక్కన స్త్రీల సమాజం అధ్యక్షురాలు దేవుడమ్మ గారు. ఎదురుగా మైకు సెట్లు అద్దెకిచ్చే సాల్మన్‌రాజు, ఈమధ్యనే సంఘం కార్యదర్శి అయ్యాడు, అయినప్పట్నుంచీ ప్రతిదానికీ ఓ సలహా ఇస్తున్నాడు.

"రాణమ్మా, అసలు రోగం ఏటో మరోపాలి సెప్పు. దేవుడమ్మ గారికి అర్థం కానేదట," అన్నాడు సాల్మన్‌రాజు.

"నీకయిందేటి?" అన్నారు దేవుడమ్మ గారు.

ఎస్తర్ రాణి సీడీని ఒళ్ళో పెట్టుకుంది. ఈ ముక్క ఆవిడ ఈ వారంలో ఎన్నిసార్లు చెప్పిందో ఆవిడకే లెక్క లేదు. "కంప్యూటర్లో బొమ్మ గియ్యడానికి వేరే కార్డు ఉంటాదండి. దానికి మంచి బలం ఉంది. కానీ దాన్ని అదిలించి పని చేయించే ప్రోగ్రాం ఒకటి కావాలి, దాన్నే డ్రైవర్ అంటారు. లినక్స్‌తో వచ్చిన డ్రైవర్‌కి ఆ కార్డు చేత బొమ్మ కనబడేలా చేయించడం వరకే వచ్చు. దాని బలం వాడుకోడం రాదు. కార్డు కంపెనీవాళ్ళు దాని గుట్టు లినక్స్ రాసినవాళ్ళకి చెప్పలేదు మరి. అందుకని వీడియో వేస్తే పనంతా ప్రాసెసర్ మీద పడిపోతంది. ఎద్దుని సాలలో కట్టేసి మనిషి మెడ మీద కాడి పెట్టినట్టు."

"మరైతే ఎద్దుని ఇప్పుకోవచ్చు గదేటి?"

"ఇప్పడానికేనండి ఈ సీడీ. ఆ కంపెనీవాళ్ళు సొంతంగా రాసిన డ్రైవర్. ఊరికే ఇస్తారు, ఎవరైనా వేసుకోమన్నారు. దొంగది కాదు."

దేవుడమ్మ గారు బాగుంది కదా అన్నట్టు తలూపారు. ఎస్తర్ రాణికి ప్రాణం లేచొచ్చింది. అప్పుడు వరదానం గారు నోరు విప్పారు.

"లోపల ఏముందో చూపిస్తారా?"

"లేదండి మావయ్యగారూ. మూసేసి ఇస్తారు."

"లినక్స్‌ని విప్పి చూడొచ్చన్నావు."

"లినక్స్‌ని చూడొచ్చండి. ఈ డ్రైవర్ ఒక్కదాన్నీ చూడలేం."

"అంటే మూట కట్టేసి ఇచ్చారన్నమాట," అన్నారాయన.

గదిలో అందరికీ అర్థమైపోయింది. ఎస్తర్ రాణికి ముందుగా అర్థమైంది. ఆ గుడికి ఓ పద్ధతి ఉంది. కోత పండుగకి చుట్టుపక్కల ఊళ్ళ రైతులు కొత్త ధాన్యం, బియ్యం, బెల్లం కానుకగా మోసుకొస్తారు, వాటిని గుడిలోనే వేలం వేస్తారు. ఎప్పుడో ఓ పెద్దమనిషి పైన గింజలూ అడుగున పొల్లూ పోసి మూట తెచ్చాడు. వేలంలో పాడుకున్నవాడు ఇంటికెళ్ళి విప్పుకుని లబోదిబోమన్నాడు. అప్పట్నుంచీ కట్టిన మూట గుడి మెట్టు దాటకూడదని వరదానం గారు కట్టుబాటు పెట్టారు. ఎంతటివాడైనా పై మెట్టు మీద మూట దించి, ముడి విప్పి, చెయ్యి పెట్టి అడుగుదాకా కలిపి చూపించాలి. పాస్టరు గారి బావమరిది అయినా అంతే. ఊళ్ళో ఆ కట్టుబాటుకి పేరుంది, దాని మూలంగా వరదానం గారికీ పేరుంది. పొల్లుకోసం పెట్టిన కట్టుబాటుని పట్టుకొచ్చి వీడియో డ్రైవర్‌కి తగిలిస్తారని మాత్రం ఎవరూ అనుకోలేదు.

"ముందు రోగం సూద్దారండీ, మందు సంగతి తరవాత," అన్నాడు సాల్మన్‌రాజు. "ఎయ్యమ్మా."

ఎస్తర్ రాణి ప్రొజెక్టర్ వెలిగించింది. తెర నిండా వేస్తే అడుగు కూడా కదలదు కాబట్టి మధ్యలో పోస్టుకార్డంత గడిలో వేసింది. పాట మొదలైంది. ఎంత గొంతు అది. దేవుడమ్మ గారు చీర కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకున్నారు. బొమ్మ మాత్రం ఎగిరి దూకుతోంది. ప్రేమావతమ్మ గారు నోరు తెరిచి అలాగే ఉండిపోతారు, పాట మూడు మాటలు దాటిపోతుంది, ఉన్నట్టుండి ఆవిడ తల ఇంకో పక్కకి తిరిగి ఉంటుంది.

"అయ్యో, నోరు ఎనకబడిపోతంది," అన్నారు దేవుడమ్మ గారు.

"పాటని ఆపి, నోరు వచ్చినాక వదలలేవేటి?" అన్నాడు సాల్మన్‌రాజు.

"అదీ చేసి చూశానండి. ఓ చోట దగ్గరైతే ఇంకోచోట ఇంకా దూరమైపోతంది. బొమ్మలు ఎక్కడ మింగేస్తుందో దానికే తెలీదు."

"పోనీ ప్రొజెక్టర్ని తెర దగ్గరకి జరిపితే? బేగి సేరతాది కదా."

ఎస్తర్ రాణి అతని మొహంలోకి చూసింది. అతను నిజంగానే అడుగుతున్నాడు. జవాబు చెప్పడానికి ఓపిక లేక ఆవిడ మామగారి వైపు తిరిగింది. ఆయన తెర వైపు చూడట్లేదు. కిటికీలోంచి ఎదుటి రోడ్డు మీద ఆగిన ఆటో వైపు చూస్తున్నారు, దాంట్లో చూడ్డానికేం లేదు.

"మావయ్యగారూ, ఆ ఫ్యాను విప్పి చూసి పెట్టుకున్నామా? ఆ ప్రొజెక్టర్ లోపల ఏముందో ఎవరు చూశారు? సాల్మన్‌రాజు గారి మైకు సెట్టు ఎన్నేళ్ళనుంచి వాడుతున్నాం, మూత తీయించారా ఎప్పుడైనా?"

"నా సెట్టు జోలికెందుకమ్మా," అన్నాడు సాల్మన్‌రాజు.

వరదానం గారు తొణకలేదు. "ఫ్యాను గురించి నువ్వు నాకేం గొప్పలు చెప్పలేదు రాణీ. ఈ కంప్యూటర్ గురించి చెప్పావు. ఇందులో దాపరికం లేదన్నావు. నీ మాట పట్టుకుని నేను గుడిలో అందరి ముందూ చదివాను. ఇప్పుడు ఇదొక్కటీ మూసి ఉంది, అయినా ఫరవాలేదు అంటే, రేపు మాకవరపాలెం నుంచి మూట మోసుకొచ్చిన రైతు అదే మాట అంటాడు. నేనేం చెప్పాలి?"

ఆవిడ మాటే ఆవిడ నెత్తిన పడింది. ఇందులో చిక్కేమిటంటే, ఆయన చెప్పింది అడ్డగోలుగా ఉందే తప్ప తప్పుగా లేదు. అడ్డగోలుగా మాట్లాడేవాళ్ళతో వాదించొచ్చు, అడ్డగోలుగా న్యాయం మాట్లాడేవాళ్ళతో వాదించడం ఎవరి వల్లా కాదు.

"మీ ఇంటావిడ పాటండీ అది," అన్నారు దేవుడమ్మ గారు మెల్లగా. "మీకు సూడాలని నేదేటి?"

"విన్నాను కదా దేవుడమ్మ గారూ. నాకు అది చాలు." ఆయన లేచి కండువా సర్దుకున్నారు. "డ్రైవర్ వద్దు. వీడియో అసలు వెయ్యకపోయినా నాకు అభ్యంతరం లేదు."

ఆ ఆఖరి ముక్క విని ఎస్తర్ రాణికి ఒళ్ళు మండిపోయింది. పెళ్ళాం పాటని ఇంత తేలిగ్గా వదులుకునే మనిషిని ఆవిడ ఇంతవరకూ చూడలేదు.

చాటుగా డ్రైవర్ ఎక్కించేద్దామని అప్పుడే తేల్చుకుంది. మామగారి మాట దాటడం ఆవిడకి ఇదే మొదలు కాదు గానీ, దాటి ఆయనకి చెప్పకపోవడం ఇది రెండోసారి. మొదటిది ఇంకా పచ్చిగానే ఉంది. ప్రేమావతమ్మ గారికి ఒక చెల్లెలుంది, దీనమ్మ. మాకవరపాలెం దగ్గర చెరుకు రైతు మంగరాజుని మతం చూసుకోకుండా చేసుకుందని సంఘంలోంచి తీసేశారు. అప్పట్నుంచీ ఆ పేరు ఇంట్లో ఎత్తకూడదు. ఎస్తర్ రాణి ఆవిడ మొహం ఎరగదు. అయినా అక్క పాట తెర మీద వేస్తూ చెల్లెల్ని పిలవకపోతే ఎలా అని మొగుడు జోసఫ్ రాజుని బండి మీద పంపింది. మర్నాడు, శనివారం పొద్దున్న అతను అక్కణ్ణుంచి ఫోన్ చేశాడు.

"పిన్ని వత్తానంది. కానీ షరతు పెట్టింది."

"ఏటది?"

"ఈసారి ముందు వరసలో నిలబెడితేనే వత్తాదంట."

"కూర్చోబెట్టమని కాబోలు. సరిగ్గా విన్నారా?"

"నిలబెడితేనే అంది. రెండుసార్లు అడిగాను. ముసలావిడ సాదస్తం, సరేనన్నాను."

ఎస్తర్ రాణీ సరేనంది. ఆ వేళ ఆవిడ బుర్రలో షరతులకి చోటు లేదు. గుడి పక్క గది తాళం చెవి ఆవిడ దగ్గరే ఉంది, సీడీ సంచిలో ఉంది, మామగారు మధ్యాహ్నం భోజనం చేసి నడుం వాల్చారు. ముందు నుయ్యి వెనక గొయ్యి అనుకుంటూనే బయల్దేరింది.

కంపెనీవాడు ఊరికే ఇచ్చాడన్నమాటే గానీ సుఖంగా ఇవ్వలేదు. సీడీ పెట్టగానే ముందు కంప్యూటర్లో తెరిచిన కిటికీలన్నీ మూసేసి, ఉత్త అక్షరాలుండే నల్ల తెర మీదకి రమ్మంది. వెళ్ళింది. మీ కెర్నల్, అంటే లినక్స్ గుండెకాయ, దాని సోర్సు రాత కనబడట్లేదంది. పత్రికతో వచ్చిన సీడీల్లో వెతికి ఎక్కించింది. ఇది ఆ కెర్నల్‌ది కాదంది. మరి ఎవరిదే తల్లీ అని పైకే అడిగింది. ఇంకో సీడీలో దొరికింది. సగం ఎక్కగానే కరెంటు పోయింది. యూపీఎస్ కుయ్యోమంది, అది ఉన్నా లేనట్టే. కరెంటు వచ్చాక మళ్ళీ మొదటికొచ్చింది. చివరికి అయిందని చెప్పి, మెషిన్ ఆపి వెయ్యమంది. వేస్తే తెర చీకటి. ఒక్క అక్షరం లేదు.

ఎస్తర్ రాణి కుర్చీలో వెనక్కి వాలి ఆ చీకటిని తిట్టింది. కార్డు కంపెనీని తిట్టింది, వాళ్ళ గుట్టుని తిట్టింది, ఆ గుట్టు లేకుండా రాయలేని లినక్స్ వాళ్ళని తిట్టింది, వీళ్ళందరి మధ్యా మూట తెచ్చి పెట్టిన మామగారిని ఇంకాస్త మర్యాదగా తిట్టింది. తిట్టడం అయ్యాక మతి స్థిమితపడింది. ఏ డ్రైవర్ వాడాలో రాసి ఉండే సెట్టింగుల ఫైలు ఒకటుంటుంది. అందులో ఇంకా పాతదాని పేరే ఉంది. కొత్తది వచ్చి గుమ్మంలో నిలబడ్డా పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. పేరు మార్చి, మళ్ళీ మొదలుపెట్టింది.

తెర తెల్లబడింది. కంపెనీ గుర్తు ఒకటి పెద్దగా మెరిసి పోయింది. వీడియో తెరిచి, భయంభయంగా తెర నిండా చేసింది.

ఆగలేదు. దూకలేదు. గుడి అంతా నీళ్ళలో నీడలా నున్నగా కదులుతోంది. పోస్టుకార్డంత గడిలో ఇన్నాళ్ళూ మసగ్గా ఉన్నవన్నీ వచ్చి ఎదురుగా నిలబడ్డాయి. పై మెట్టు మీద విప్పిన మూటలు, బెల్లం దిమ్మలు, పాడే మైకు, డోలక్ మీద ఎగిరే చేతులు. ఎస్తర్ రాణికి పట్టలేని సంతోషం వచ్చింది. గదిలో ఒక్కతే ఉన్నా చప్పట్లు కొట్టింది. ఆ డోలక్ దెబ్బ చేతితో పాటే వినబడుతోంది, తేడా లేదు. పక్కన తాళాలు కలిసినప్పుడే తాళాల చప్పుడు. అంతా కుదిరిపోయింది.

అప్పుడు కెమెరా ప్రేమావతమ్మ గారి మొహం మీదకి వచ్చింది. పాట మొదలైంది. తర్వాత పెదవులు కదిలాయి.

ఎస్తర్ రాణి నవ్వు అలాగే మొహాన ఉండిపోయింది. ఆపి, మళ్ళీ వేసింది. డోలక్ సరిగ్గా ఉంది. తాళాలు సరిగ్గా ఉన్నాయి. అదే బొమ్మలో, అదే క్షణంలో, ఒక్క ఆవిడ పెదవులే రవ్వంత వెనక ఉన్నాయి. నిన్నటిలా ఎక్కడపడితే అక్కడ కాదు. ప్రతి మాటకీ అంతే, పిల్లలు టీచరు వెనకాల పద్యం అప్పజెప్పినట్టు. డ్రైవర్ తప్పయితే డోలక్ కూడా వెనకబడాలి. మిషన్‌కి అత్తగారి నోరు ఒక్కటే ఎలా తెలుస్తుంది?

ఇంకోసారి వేసింది. ఈసారి అత్తగారిని చూడలేదు. ఆవిడ భుజం వెనక రెండో వరసలో, ఊళ్ళనుంచి మూటలు మోసుకొచ్చిన ఆడవాళ్ళ మధ్య, తల మీద కొంగు ముందుకి లాక్కుని ఒకావిడ నిలబడి ఉంది. కళ్ళు దించుకునే ఉంది. మొహం సగమే కనబడుతోంది. ఆ సగంలోనూ అత్తగారి ముక్కు, అత్తగారి గెడ్డం. ఆ నోరు పాటతో పాటు తెరుచుకుని పాటతో పాటు మూసుకుంటోంది. ఒక్క మాట కూడా తప్పలేదు.

ఈసారి ముందు వరసలో నిలబెడితేనే వస్తానంది.

ఎస్తర్ రాణి బొమ్మని ఆపేసింది. అంతసేపూ తలుపు దగ్గర ఎవరో నిలబడి ఉన్నట్టు అప్పుడు తెలిసింది.

"నిద్ర పట్టలేదు," అన్నారు వరదానం గారు. చెప్పులు చేత్తో పట్టుకుని ఉన్నారు. ఎందుకు పట్టుకున్నారో ఆయనకే తెలిసినట్టు లేదు. ఆయన కళ్ళు తెర మీద రెండో వరసలో ఉన్నాయి. ఆవిడ ఎక్కడుందో ఆయన వెతుక్కోలేదు.

"మీకు తెలుసు," అంది ఎస్తర్ రాణి.

ఆయన వచ్చి కుర్చీలో కూర్చున్నారు. "ఆపరేషన్ పండక్కి ముందే అయిందమ్మా. జనం తర్వాతనుకున్నారు, అనుకోనిచ్చాం. పండగనాటికి దాని నోట్లోంచి గుసగుస తప్ప ఏమీ రావట్లేదు. ఒకే ఇంట్లో ఉన్నవాణ్ణి, నాకు తెలీదా? పాట అందుకోగానే తెలిసింది అది ఎవరి గొంతో. ఆ ఏడు పండక్కి పాడతానని మొక్కుకుంది. మొక్కు తప్పకూడదని చెల్లెల్ని తెచ్చి వెనక నిలబెట్టుకుంది."

"పక్కనున్నవాళ్ళకి తెలీలేదా?"

"మూటలు మోసుకొచ్చిన ఆడవాళ్ళకి తెలుసు. వాళ్ళని ఎవరు అడిగారు?" ఆయన గొంతు తగ్గింది. "ఆ పిల్లని సంఘంలోంచి తియ్యమని కమిటీలో అడిగింది నేను. గుడిలో నోరెత్తకూడదని తేల్చింది నేను. ఆ నోరే పాడుతుంటే గుడంతా ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఏడ్చినవాణ్ణి లేచి ఇది మోసం అని ఎలా చెప్పను? తర్వాత చెబుదామనుకున్నాను. ఆ తర్వాత అనేది రాలేదు."

ఎస్తర్ రాణికి కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. అత్తగారు పాడుతుంటే ఒక్కసారి చూడాలని కదా ఇంత తంటాలు పడింది. ఇక ఆ గొంతు ఎప్పటికీ వినబడదు. ఉన్న ఒక్క పాటా ఆవిడది కాదు. తనకి తెలిసిన ఆ బొంగురు గుసగుసే, తనకి మిగిలిన అత్తగారు.

"అందుకా డ్రైవర్ వద్దన్నారు?"

 ఆయన వేరే మాట అడిగారు. "ఇప్పుడు ఎక్కించావే, దాన్ని తీసెయ్యొచ్చా?"

"తియ్యొచ్చండి. ఎందుకు?"

"తీసేస్తే మళ్ళీ నిన్నటిలాగే గతుకులు పడుతుంది కదా. చిన్న గడిలోనే వేద్దువుగాని. నోరు వెనకబడితే మిషన్ బాగోలేదనుకుంటారు. ప్రేమావతి పాట ప్రేమావతికి ఉంటుంది." ఆయన ఆవిడ మొహం వైపు చూడకుండా అన్నారు. "తీసెయ్యమ్మా. నిన్ను ఎప్పుడూ ఏదీ అడగలేదు."

అది నిజమే. ఆజ్ఞాపించడమే గానీ ఆయన ఏనాడూ అడిగి ఎరగరు. తీసెయ్యడం ఎంతసేపు, సెట్టింగుల ఫైల్లో ఒక్క పేరు వెనక్కి మార్చాలి. రాణమ్మకి మిషన్ చాతకాలేదని సాల్మన్‌రాజు పదిమందికి చెబుతాడు, చెప్పనీ. చచ్చిపోయినావిడ పరువు నిలుస్తుంది. కానీ బతికున్నావిడ సంగతి?

"మావయ్యగారూ," అంది ఎస్తర్ రాణి, "నిన్న మీరు మూట అన్నారు. ఇది ఎవరి మూటండి?"

వరదానం గారు జవాబు చెప్పడానికి నోరు తెరిచారు. అప్పుడే బయట బండి ఆగిన చప్పుడైంది.

"మెట్లు సూసుకో పిన్నీ," అంటున్నాడు జోసఫ్ రాజు. "రేపు వత్తువుగానిలే అంటే వినవు కదా."

"ఈ మెట్లు నాకు తెల్దేట్రా," అంది ఒక ఆడగొంతు. "నువ్వు పుట్టకముందే ఎక్కినాను."

మాట్లాడిందే గానీ పాడలేదు. అయినా గదిలో ఇద్దరికీ ఆ గొంతు తెలిసిపోయింది. వరదానం గారు చటుక్కున లేచారు. కుర్చీ వెనక్కి పడింది. తెర నిండా, రెండో వరసలో, కొంగు చాటున సగం మొహంతో ఆవిడే నోరు తెరిచి నిలిచిపోయి ఉంది.

"తీసెయ్యి రాణీ," అన్నారాయన.

ఎస్తర్ రాణి చెయ్యి కీబోర్డు మీదే ఉంది. కిటికీలోంచి గుడి పై మెట్టు కనబడుతోంది. నెరిసిన తల మీదనుంచి చిన్న బియ్యం మూట దించుకుని, గుమ్మం దాటకుండా బయటే చతికిలబడింది దీనమ్మ. అక్కడ అడిగేవాళ్ళు ఎవరూ లేరు. ఆవిడంతట ఆవిడే మూట ముందుకి లాక్కుని ముడి విప్పడం మొదలుపెట్టింది.